క్యాంపింగ్ సామాన్లలో నాకు దండగైనవి

నెల్లూరు చుట్టుపక్కల ఉదయగిరి దుర్గం, సోమశిల, భైరవకోన వైపు తిరగడానికని ఆన్‌లైన్‌లో కొన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద దండగ సోలార్ పవర్ బ్యాంకు. డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) అని ఉంటుంది. అది నిజమే అనుకుందాం. 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు. పైన అతికించిన సోలార్ పలకేమో అరచేతంత, మిట్టమధ్యాహ్నం కూడా ఒకటిన్నర వాటు ఇస్తే గొప్ప. అంటే చార్జింగ్‌లో వృథా అయ్యేది కలపకుండానే దాదాపు 50 గంటల గట్టి ఎండ కావాలి. రోజుకు ఐదారు గంటలు పెట్టినా వారం దాటుతుంది. మన దగ్గర ఎండకేం కొదవ అంటారా? అసలు తంటా అక్కడే. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో ఆ నల్ల డబ్బాను దుర్గం బండ మీద పెడితే చెయ్యి తగిలించలేం. రెండో వేసవికల్లా నాది ఉబ్బింది, పలక ఒక అంచున పైకి లేచింది. పచ్చ లైటు మాత్రం భేషుగ్గా వెలుగుతూనే ఉంది.

తర్వాతి స్థానం 'సర్వైవల్ కత్తి'ది. పిడి బోలుగా ఉంటుంది, లోపల అగ్గిపుల్లలు, గాలం దారం, మూతలో దిక్సూచి. పక్కనే అంత ఇనుముంటే ఆ దిక్సూచి ఉత్తరం ఎక్కడ చూపిస్తుంది? పిడి బోలు కాబట్టి కత్తి ఇనుము లోపలికి బొటనవేలి గోరంత కూడా దిగలేదు. ఒక నట్టు, కాస్త జిగురు, అంతే. ఎండిన తుమ్మకొమ్మ మీద నాలుగు దెబ్బలు పడేసరికి ఊగింది. మా కమ్మరాయన దాన్ని అటూ ఇటూ ఆడించి చూసి, "అబ్బయా, ఇది మామిడికాయ కొయ్యడానికే" అన్నాడు. లారీ కమాన్ పట్టీతో ఆయన కొట్టిచ్చిన మచ్చుకత్తినే ఇప్పటికీ వాడుతున్నా. తుప్పు పడుతుంది, వాడాక తుడిచి కొబ్బరినూనె రాస్తే సరి.

నీళ్లు పీల్చే ఫిల్టర్ గొట్టం మోసమేమీ కాదు, బ్యాక్టీరియాను బాగానే ఆపుతుంది. కానీ కనిగిరి వైపు బోరు నీళ్లలో భయం ఫ్లోరైడ్‌ది. అది నీళ్లలో కరిగి ఉంటుంది, గొట్టానికి చిక్కదు. కాచినా పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అటు వెళ్తే ఆర్ఓ ప్లాంటులో క్యాను నింపుకోవడం తప్పదు. మరి గొట్టం ఎందుకు?

టెంటు గురించి క్లుప్తంగా చెబుతా. సంచి మీద రాసిన 3000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ (అంత ఎత్తు నీటి బరువుకు కారదని) గుడ్డకే, కుట్లకు కాదు. కార్తీకంలో వాయుగుండం వాన పడితే కారేది కుట్ల దగ్గరే. వాన లేని రోజున మైపాడు సముద్రపు ఒడ్డున మన ఊపిరి తేమే లోపలి గోడలకు పట్టి తెల్లారేసరికి దుప్పటి తడిసింది. జిప్పును ఉప్పుగాలి తినేసింది. వడ్లు కప్పే పట్ట, రెండు కర్రలు, నైలాన్ తాడు ఉంటే అంతకంటే హాయిగా నిద్రపడుతుంది, దోమతెర మాత్రం మరవకండి.

నిప్పురవ్వలు రాల్చే ఫెర్రో కడ్డీ ఒక్కటే చెప్పినట్టు పనిచేసింది, తడిసినా సరే. అయితే పెంచలకోన చుట్టూ ఉన్నది అభయారణ్యం, అక్కడ నిప్పు రాజేస్తే కేసవుతుంది. పొలం గట్టున అయితే మామూలు చవక లైటర్ చాలు.