లెస్టర్‌లో నాన్నతో రెండు రోజులు

"ఇంత పొట్టి గోతిలోనా అమ్మా, ఒక రాజుని పెట్టింది?" అన్నారు నాన్న.

మేమిద్దరం గాజు పలక మీద వంగి చూస్తున్నాం. కింద మట్టి గొయ్యి, అందులో వెలుగుతో గీసినట్టు ఒక అస్థిపంజరం ఆకారం. 1485 ఆగస్టులో బోస్‌వర్త్ యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్‌ని హడావిడిగా పాతిపెట్టింది ఇక్కడే. గొయ్యి పొడవు చాలక తల ఒక పక్కకు ఎత్తిపెట్టి ఉంది. పాదాల ఎముకలు లేవు. వెన్నెముక పాములా వంపు తిరిగి ఉంటుంది. దాని నమూనాను పక్క గదిలో దగ్గరగా చూడొచ్చు. పైన కార్ పార్కింగ్ ఉండేది. 2012లో తవ్వితే మొదటి రోజే ఎముకలు కనిపించాయి. ఆ తర్వాత రాజు అక్క వంశంలో పుట్టి లండన్‌లో వడ్రంగం చేసుకుంటున్న ఒకాయన డీఎన్‌ఏతో పోల్చి, ఇది రిచర్డేనని తేల్చారు. 2015 మార్చిలో ఎదురుగా ఉన్న కేథడ్రల్‌లో మర్యాదగా సమాధి చేశారు. డీఎన్‌ఏతో మనిషిని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని 1984లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టింది కూడా ఈ ఊరి యూనివర్సిటీలోనే!

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి రైల్లో గంటంపావు ప్రయాణం. అయినా మనవాళ్లు ఇండియా నుంచి వస్తే బాత్, ఆక్స్‌ఫర్డ్ అంటారే తప్ప లెస్టర్ అనరు. నేనూ ఇన్నేళ్లూ అనలేదు, అందుకు ఇప్పుడు బాధగా ఉంది.

కేథడ్రల్‌ని ఆనుకునే గిల్డ్‌హాల్ ఉంది. సుమారు 1390లో కట్టిన కలప చట్రాల హాలు, ప్రవేశం ఉచితం. రోమన్ల నాటి జ్యూరీ వాల్‌ని రోడ్డు మీద నుంచే చూసి వచ్చేశాం.

బస మాత్రం ఇబ్బంది పెట్టింది. స్టేషన్ దగ్గరని, ఫొటోలు బాగున్నాయని ఒక హోటల్ బుక్ చేశాను. అక్టోబర్ చలిలో హీటర్ పనిచేయలేదు. రిసెప్షన్‌లో అడిగితే సోమవారం దాకా మనిషి రాడన్నారు, అదనంగా రెండు దుప్పట్లు ఇచ్చారు. లిఫ్ట్ కూడా లేదు. డెబ్బై దాటిన నాన్న మోకాళ్లతో మూడంతస్తులు ఎక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేసే ముందే ఫోన్ చేసి లిఫ్ట్ సంగతి అడగండి. ఇంగ్లండ్‌లో పాత బిల్డింగుల్లో చాలాచోట్ల ఉండదు. బస్సులకు మాత్రం వంక పెట్టలేను. నాన్న కూర్చునేదాకా డ్రైవర్ బండి కదిలించలేదు.

రెండో రోజు ఫుట్‌బాల్ స్టేడియానికి వెళ్లాం. నాన్నకి క్రికెట్ తప్ప తెలియదు. 2015-16 సీజన్ మొదట్లో ఈ ఊరి టీమ్ లెస్టర్ సిటీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ గెలుస్తుందని పందెం కాస్తే ఒకటికి ఐదు వేలు ఇస్తామన్నారని చెప్పాను. గెలిచింది! రాజుకి సరైన అంత్యక్రియలు జరిగాకే టీమ్ దశ తిరిగిందని నమ్మే అభిమానులు ఉన్నారంటే, నాన్న "మరి, అంతే కదా" అన్నారు. టీమ్ యజమాని, థాయ్‌లాండ్‌కి చెందిన విచాయ్ శ్రీవద్ధనప్రభ, 2018 అక్టోబర్‌లో ఈ స్టేడియం బయటే హెలికాప్టర్ కూలి చనిపోయారు. ఆయన పేరు మీద అక్కడ ఒక చిన్న తోట ఉంది. నాన్న అక్కడ కాసేపు టోపీ తీసి నిలబడ్డారు.

సాయంత్రం బెల్‌గ్రేవ్ రోడ్. గోల్డెన్ మైల్ అంటారు. దీపావళి లైట్ల తోరణాలు, బంగారం షాపులు, చీరల షాపులు, వేడి కచోరీల వాసన. 1972లో యుగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి ఆసియా వాళ్లను 90 రోజుల్లో దేశం వదిలి వెళ్లిపొమ్మన్నప్పుడు, లెస్టర్ కౌన్సిల్ అక్కడి పేపర్‌లో మా ఊరికి రావద్దని ప్రకటన వేయించింది. అయినా వేలమంది వచ్చారు. 2021 జనాభా లెక్కల్లో ఊళ్లో ఆసియా మూలాలవాళ్లు 43 శాతం.

మిఠాయి షాపులో గల్లా దగ్గర కూర్చున్న గుజరాతీ పెద్దావిడ, యుగాండా రాజధాని కంపాలా నుంచి ఒక్క సూట్‌కేసుతో వచ్చామని చెప్పారు. అప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్లట. నాన్నకి వచ్చిన హిందీ తక్కువ, ఆవిడకి తెలుగు అసలు రాదు. అయినా ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. జిలేబీకి డబ్బులు తీసుకోమంటే ఆవిడ ఎంతకీ వినలేదు.

తిరుగు రైలుకి ముందు స్టేషన్ బయట థామస్ కుక్ విగ్రహం చూపించాను. 1841 జులైలో ఐదొందల మందిని పోగేసి లెస్టర్ నుంచి లఫ్‌బరోకి రైల్లో తీసుకెళ్లి, టూర్ల వ్యాపారానికి నాంది పలికినాయన. విగ్రహం పక్కన నాన్న తన బ్యాగ్ కింద పెట్టి, చొక్కా సర్దుకుని, "తియ్యమ్మా ఫొటో" అన్నారు. రెండో చేతిలో జిలేబీ పొట్లం అలాగే ఉంది.