జార్జ్ బెయిన్ 'కెల్టిక్ ఆర్ట్': ఇక్కత్ గ్రాఫ్ గీసేవాళ్లకు అక్కరకొస్తదా?

మాది పుట్టపాక, ఇక్కత్ నేసే ఊరు. ఇక్కత్ అంటే నూలుకు ముందే కట్లు కట్టి, రంగులద్ది, తర్వాత నేసేది. నేను మగ్గం మీద కూచోను, ఏ గడిలో ఏ రంగు రావాలో గళ్ల కాగితం మీద చీరెలకు గ్రాఫ్ గీసిస్తాను. నేతగాళ్లకు పని ఇచ్చే మాస్టర్ వీవర్ల ముందర అవే ఏనుగులు, అవే చిలకలు, అవే పటోలా పూలు పెట్టిపెట్టి నాకే విసుగొచ్చి ఈ పుస్తకం తెప్పించుకున్నాను. నా రేటింగ్ ఐదుకు నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తాను.

కెల్టిక్ ఆర్ట్ అంటే ఐర్లండ్, స్కాట్లాండ్ వైపు పాతకాలపు ముడుల, చుట్ల అలంకారం. ఈ పుస్తకం మొదట 1951లో గ్లాస్గోలో అచ్చయింది. ఇప్పుడు ఆన్‌లైన్లో ఎక్కువగా దొరికేది అమెరికాలో డోవర్ వాళ్లు 1973లో తెచ్చిన పేపర్‌బ్యాక్. రాసినాయన స్కాట్లాండ్‌లోని కిర్కాల్డీ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేశాడు. పుస్తకంలో ఆ మాస్టారే కనిపిస్తాడు. చూసి మురిసిపోండి అనడు, పెన్సిల్ పట్టుకోండి అంటాడు. రంగులు లేవు, అంతా నల్లగీతలే. రంగులు కావాలంటే అసలు మూలమైన 'బుక్ ఆఫ్ కెల్స్' పేజీలను డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ తన వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టింది. దూడతోలు మీద రాసిన ఆ సువార్త గ్రంథం సుమారు 800 నాటిది, 680 పేజీలు. బెయిన్ పుస్తకం పక్కన అది తెరిచి పెట్టుకుంటే పని సులువవుతుంది.

12వ శతాబ్దంలో గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే ఆయన ఐర్లండ్‌లోని కిల్డేర్‌లో ఇట్లాంటి గ్రంథమే ఒకటి చూసి, ఇది మనుషుల పని కాదు, దేవదూతల పని అనిపిస్తుందని రాసిపెట్టాడు. బెయిన్ ఆ భక్తిని పక్కన పెట్టి, ఇదిగో మొదటి మెట్టు, ఇదిగో రెండోది అని విప్పి చూపించాడు. గ్రంథాల్లోని ముడులు, స్కాట్లాండ్‌లో పిక్ట్ జాతివాళ్లు చెక్కిన రాళ్ల మీది ముడులు ఆయన చేతిలో లెక్కలయ్యాయి. ముందు చుక్కలు, చుక్కల మధ్య అల్లిక, తర్వాత అల్లికను ఎక్కడ తెంపాలి, తెగిన పోగును ఎటు తిప్పి కలపాలి అన్నది.

ఆ పేజీ తెరిచి ఉండగా మా అమ్మ వంగి చూసి, "గిది మెలికల ముగ్గే గద బిడ్డా, చుక్కలేవి?" అన్నది. చుక్కలు చూపిస్తే వాటి చుట్టూ వేలితో గీత నడిపించింది, ఎక్కడా ఆగలేదు. ఒక్క తేడా ఉంది. మన ముగ్గులో గీతలు ఒకదాన్నొకటి దాటిపోతాయి, అంతే. వాళ్ల ముడిలో ప్రతి పోగూ ఒకసారి మీది నుంచి, మళ్లొకసారి కింది నుంచి పోవాలి. ఆ వరస చివరిదాకా తప్పొద్దు.

మా పనిలో చిక్కు సరిగ్గా అక్కడే వస్తుంది. పోగు కిందికి పోయినట్టు కనపడాలంటే దాటే చోట దాన్ని కొంచెం ముందే ఆపి, కొంచెం దూరం పోయాక మళ్లీ మొదలుపెట్టాలి. గ్రాఫ్‌లో ఆ సందు ఒక్క గడి. ఒక్క గడి అంటే ఆసు (పోగులు వరసగా చుట్టే చట్రం) మీద పోసిన పేకలో, అంటే అడ్డపోగుల్లో, ఒక చిన్న కట్టు, సైకిల్ ట్యూబు కోసిన సన్న రబ్బరుతో. ఎంత బిగించి కట్టినా అంచుల కింది నుంచి రంగు కొద్దిగా పాకుతుంది. నేసేటప్పుడు పేక ఒక వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. ఇక్కత్‌కు అందం తెచ్చే ఆ చెదిరిన అంచే ఇక్కడ ముడిని మింగేస్తుంది. గుడ్డ మీదికి వచ్చేసరికి ఏ పోగు మీద, ఏది కింద తెలియక ముడి కాస్తా చేపల వలలాగ మిగిలింది. రాయి మీదనో తోలు మీదనో పుట్టిన డిజైన్‌ను ఉన్నదున్నట్టు నూలు మీదికి దింపితే అంతే.

కాబట్టి నా బోటివాళ్లు ముడుల అధ్యాయం చదివి చెయ్యి తిప్పుకోండి, తర్వాత నేరుగా 'కీ ప్యాటర్న్స్' అధ్యాయానికి పోండి. పుస్తకం ధర మొత్తం అక్కడే గిట్టుబాటవుతుంది. అన్నీ తిన్నని గీతలే, మలుపులన్నీ కోణాలే. ఏటవాలు గీత మన గ్రాఫ్‌లో మెట్లుమెట్లుగా దానంతటదే దిగుతుంది. ఒక మూల నుంచి బయలుదేరిన గీత లోపలికి చుట్టుకుని ఇంకో మూలలో తేలుతుంది. మధ్యలో మన స్వస్తిక్ లాంటివి కనిపిస్తాయి గనక చీరె కొనేవాళ్లకు కొత్తగా ఉంటుంది, వింతగా ఉండదు.

ఒక జాగ్రత్త. బెయిన్ గడి నిలువు అడ్డం సమానం. మనకు నిలువు కొలత పేకలను బట్టి, అడ్డం కొలత కట్టు వెడల్పును బట్టి వస్తుంది. ఆ రెండూ సరిచూసుకోకుండా గీస్తే చదరం సాగిపోయి, కీ వాలిపోతుంది. చారెడు గుడ్డ నేయించి చూసుకోకుండా చీరెకు పోవద్దు.

ఇక ఆ ఒక్క మార్కు సంగతి. కొన్ని పేజీల్లో బొమ్మలు మరీ కిక్కిరిసి ఉన్నాయి. మూడో బొమ్మకు, నాలుగో బొమ్మకు మధ్య ఏం జరిగిందో మనమే ఊహించుకోవాలి. జిరాక్స్ పెద్దది తీయించుకుని గీతల మీద రంగు పెన్సిల్ తిప్పితే గానీ అంతు చిక్కలేదు.

ఇంకో లోటును లోటు అనలేను, ఇది కథల పుస్తకం కాదు. కానీ నాకు కథ కూడా కావాలి. పల్లు అనగానే అందులో ఏముందని అడుగుతారు. ఐరిష్ కథల్లో లిర్ పిల్లల కథ నాకు దొరికింది. సవతి తల్లి ఈర్ష్యతో నలుగురు పిల్లలను హంసలను చేస్తుంది. మూడు వందల ఏండ్లు ఒక చెరువులో, మూడు వందలు ఐర్లండ్ స్కాట్లాండ్ మధ్య చలి సముద్రంలో, మూడు వందలు పడమటి సముద్రంలో. పల్లును మూడు పట్టీలు చేశాను. మొదటి దాంట్లో నీళ్లు కదలని అడ్డ మెట్లు. నడుమ పట్టీలో నిటారు మెట్లు, అక్క ఫినూలా రెక్కలు చాపి ఉంటుంది, తమ్ముళ్లు ముగ్గురూ ఆ రెక్కల కింద. కథలో ఆమె వాళ్లను చలి నుంచి కాపాడింది అట్లనే. అంచుకు బెయిన్ కీ ప్యాటర్న్.

పరదేశం కథ మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. వెనకటి తేలియా రుమాళ్ల మీద, అంటే నూలును నూనెలో నానబెట్టి నేసిన ఇక్కత్ రుమాళ్ల మీద, గడియారాలు, విమానాలు, గ్రామఫోన్లు కూడా ఉన్నాయి. హంసలకేం అడ్డం?

మాస్టర్ వీవర్ గ్రాఫ్ చూసి, "హంసలు మంచిగున్నయన్నా. గా నడిమి దాని రెక్కలు జర తగ్గియ్, కట్టుడు కూలి పెరుగుతది" అన్నాడు. రెక్కలు తగ్గియ్యను, కూలే పెంచు అన్నాను. ఆ బేరం ఇంకా నడుస్తోంది.

చుట్ల అధ్యాయం, అంటే స్పైరల్స్, ఇక్కత్‌కు దండుగ. మగ్గం వర్క్ వాళ్లకు మాత్రం బంగారం. సూదికి వంపు కష్టం కాదు, జరీ దారం మీద దారం ఎక్కించి ముడి కూడా నిజంగానే వేయొచ్చు. బ్లౌజులు కుట్టే మా చెల్లె ఆ పేజీల కోసమని పుస్తకం నల్లగొండకు పట్టుకపోయింది. అడిగితే "ఇస్త తియ్ అన్నా" అంటది. ఇంకోటి కొనేటట్టే ఉన్నాను.