ఇంట్లో కట్టుకునే ఐదు వాట్ల వాల్వు గిటార్ ఆంప్: 5ఎఫ్1 కిట్ సమీక్ష

ఫెండర్ కంపెనీ 1950ల రెండో సగంలో కొత్తగా నేర్చుకునేవారి కోసం అమ్మిన చాంప్ అనే చిన్న గిటార్ ఆంప్లిఫయర్‌లోని 5ఎఫ్1 సర్క్యూట్‌ను ఇప్పుడు పలు సంస్థలు కిట్ రూపంలో అమ్ముతున్నాయి. వాటిలో ఒకదాన్ని అమెరికా నుంచి తెప్పించుకుని హైదరాబాద్‌లో మా ఇంట్లోనే కట్టాను. కొన్ని నెలలుగా దాని మీదే సాధన చేస్తున్నాను. వాల్వు ఆంప్‌లో, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్‌లో, నాదం ఎక్కడ పుడుతుందో, ఏ భాగం దాన్ని ఎలా మలుస్తుందో స్వయంగా తెలుసుకోవాలనుకునే గిటారిస్టుకు ఇంతకన్నా తగిన కిట్ లేదని నా నమ్మకం. డబ్బు ఆదా చేసుకుందామని కొనేవారికి మాత్రం దీన్ని సిఫారసు చేయలేను. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి చూసుకుంటే ఫ్యాక్టరీలో తయారైన చిన్న వాల్వు ఆంప్‌కు అయ్యే ఖర్చు దీనికీ అయింది.

ఈ సర్క్యూట్ గొప్పతనమంతా దాని క్లుప్తతలోనే ఉంది. తీగల కంపనాన్ని అందుకునే గిటార్ పికప్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్ 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దాటి 12ఏఎక్స్7 వాల్వులోని మొదటి ట్రయోడ్‌కు (సిగ్నల్‌ను పెంచే భాగానికి) చేరుతుంది; అక్కడ బలం పుంజుకుని, వాల్యూమ్ కంట్రోల్ మీదుగా అదే వాల్వులోని రెండో ట్రయోడ్‌కు, అక్కడి నుంచి 6వీ6 పవర్ వాల్వుకు, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ఎనిమిది అంగుళాల స్పీకర్‌కు వెళ్తుంది. ఏసీని డీసీగా మార్చడానికి 5వై3 రెక్టిఫయర్ వాల్వు ఉంటుంది. బాస్, ట్రెబుల్ అంటూ వేరే కంట్రోళ్లు ఏవీ లేవు, ఉన్నది ఒక్క వాల్యూమ్ నాబ్. 6వీ6 తన కేథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే కొస) రెసిస్టర్ ద్వారా తానే బయాస్, అంటే వాల్వులో నిలకడగా పారే కరెంటును నిర్ణయించే అమరిక, సరిచూసుకుంటుంది కాబట్టి, పెద్ద ఆంపుల్లోలాగా వాల్వు మార్చిన ప్రతిసారీ బయాస్ సెట్ చేయాల్సిన పని లేదు.

మన దేశంలో కొనేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది పవర్ ట్రాన్స్‌ఫార్మర్. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కేవలం 60 హెర్ట్జ్‌కు లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టి వాడుకోవచ్చని కొందరు చెబుతారు గానీ, వోల్టేజి తగ్గినంత మాత్రాన ఫ్రీక్వెన్సీ మారదు. 50 హెర్ట్జ్ దగ్గర దాని ఇనుప కోర్, అయస్కాంతత్వం ఇక పెరగలేని సంతృప్త స్థితికి చేరువై అతిగా వేడెక్కుతుంది. అందువల్ల 230 లేదా 240 వోల్టుల ప్రైమరీ (కరెంటు అందుకునే చుట్ట), 50 హెర్ట్జ్ రేటింగ్ రెండూ ఉన్న ట్రాన్స్‌ఫార్మరే కావాలని ఆర్డరులోనే స్పష్టంగా అడగాలి. నాకు వచ్చిన కిట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ సరైనదే, కానీ దానితో ఇచ్చిన పుస్తకంలో 120 వోల్టుల వైరింగ్ బొమ్మ ఒక్కటే ఉంది. ఏ రంగు వైరు ఎక్కడికి పోవాలో తెలుసుకోవడానికి ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారు డేటా షీట్ వెతుక్కోవలసి వచ్చింది. మూడు వందల వోల్టులకు పైగా డీసీ తయారయ్యే పరికరం విషయంలో ఇది చిన్న లోపం కాదు. స్విచ్ ఆపి ప్లగ్ తీసిన తర్వాత కూడా డీసీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉండవచ్చనీ, దాన్ని రెసిస్టర్ ద్వారా దించి, మీటర్‌తో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలనీ ఆ పుస్తకం మొదటి పేజీలోనే చెప్పాలి. అందులో అది చివరి పేజీల్లో ఒక్క వాక్యంగా మాత్రమే ఉంది. ఛాసిస్‌కు ఎర్తు వైరును విడిగా ఒక బోల్టుతో బిగించాలి. ఇంట్లోని త్రీ పిన్ సాకెట్‌కు నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో కూడా ముందే చూయించుకోవాలి.

విడిభాగాల నాణ్యతలో వంక పెట్టడానికేమీ లేదు. సోల్డరింగ్ అలవాటున్న వారికి బోర్డు పని సులువే గానీ, గ్రౌండ్ వైర్లను ఛాసిస్ రేకుకు అతికేటప్పుడు 25 వాట్ల ఐరన్ వేడి చాలదు. వాల్వులను లోపలి నుంచి వేడిచేసే హీటర్ వైర్ల విషయంలో ఎంత ఓపిక పడితే అంత మంచిది. 6.3 వోల్టుల ఏసీ మోసే ఆ జంట వైర్లను ఒకదానితో ఒకటి బిగుతుగా మెలిపెట్టి, ఛాసిస్ మూలల వెంట, సిగ్నల్ వైర్లకు దూరంగా తీసుకెళ్లాలి. ఆంప్‌లో హమ్ (ఎడతెగని గుయ్ శబ్దం) వినిపిస్తే దాని శ్రుతిని బట్టే కారణం చాలావరకు పట్టుకోవచ్చు: మంద్రంగా, 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే హీటర్ వైరింగ్‌నో గ్రౌండింగ్‌నో అనుమానించాలి, దానికి ఒక అష్టకం పైన, 100 హెర్ట్జ్ దగ్గర బరబరమంటుంటే ఫిల్టర్ కెపాసిటర్ల వైపు చూడాలి. స్విచ్ వేయగానే ఆంప్ కూతపెడితే భయపడనక్కర్లేదు, అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే, 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న ఫీడ్‌బ్యాక్ వైరు తప్పు ఫేజులో చేరిందని అర్థం. కరెంటు తీసి, చార్జి దించి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లు వాడే, కరెంటు దారిలో ఒక బల్బు ఉండే సిరీస్ బోర్డును మించిన రక్షణ లేదు. అందులో పాతరకం ఫిలమెంటు బల్బు ఉండాలి, ఎల్ఈడీ పనికిరాదు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి ఆంప్‌ను కాపాడుతుంది. అంతా సవ్యంగా ఉంటే క్షణంపాటు వెలిగి మసకబారుతుంది. స్పీకర్ కలపకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది. సిరీస్ బోర్డు నుంచి తప్పించి నేరుగా కరెంటు ఇచ్చాక 6వీ6 కేథోడ్ దగ్గర నాకు 19 వోల్టులు కనిపించాయి. దాన్ని కేథోడ్ రెసిస్టర్ విలువ 470 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ప్లేటుకూ (ఎలక్ట్రాన్లను అందుకునే కొస) కేథోడ్‌కూ మధ్యనున్న 300 వోల్టులతో గుణిస్తే 12 వాట్లు. పాత డేటా షీట్లు ఈ వాల్వు ప్లేటుకు విధించిన హద్దు అదే. ఆ కరెంటులో స్క్రీన్ గ్రిడ్ అనే మరో కొసకు పోయే వాటా తీసేస్తే హద్దుకు కాస్త లోపలే ఉన్నట్టు. మీ వీధిలో కరెంటు తరచూ 240 దాటుతుంటే ఈ లెక్క తప్పకుండా చేసుకోండి.

ఇక నాదం గురించి. సింగిల్ కాయిల్ పికప్పులతో వాల్యూమ్ నాలుగు వరకు తేటగా, గంట మోగినట్టు పలుకుతుంది. అయిదు దాటగానే స్వరాల అంచులు గరుకెక్కడం మొదలవుతుంది. ఎనిమిది దగ్గర తీగను గట్టిగా మీటితే స్వరం మొదట అణిగి తర్వాత విచ్చుకుంటుంది. గిటార్ మీదున్న వాల్యూమ్ తగ్గిస్తే ఆ గరుకంతా పోయి మళ్లీ తేటపడుతుంది. చేతి ఒత్తిడికి ఇంత నమ్మకంగా బదులిచ్చే పరికరంతో సాధన చేస్తే మీటులోని తప్పులు దాగవు, అందుకే దీని మీద నాకింత ఇష్టం. మంద్ర స్వరాల దగ్గర ఎనిమిది అంగుళాల స్పీకర్ తేలిపోతుంది. పన్నెండు అంగుళాల క్యాబినెట్‌కు, ఇంపీడెన్సు (స్పీకర్ ఓమ్‌ల విలువ) సరిచూసి, కలిపితే ఇదే ఆంప్ ఆశ్చర్యపరిచేంత నిండుగా మోగుతుంది.

ఐదు వాట్లే కదా, అపార్ట్‌మెంట్‌లో పూర్తిగా తెరిచి వాయించవచ్చని ఎవరూ అనుకోవద్దు. యాభై వాట్ల ఆంప్‌కూ దీనికీ తేడా పది డెసిబెళ్లే, అంటే మన చెవికి ఇది దాదాపు సగం మోతగా వినిపిస్తుంది. ఎనిమిది దగ్గర పెడితే గోడ అవతలి వారికి స్పష్టంగా వినబడుతుంది. రాత్రిపూట సాధనే ముఖ్యమైతే ఒక వాట్ లోపు సర్క్యూట్లు చూసుకోవడం మేలు.

రెసిస్టర్లు, ఫ్యూజులు, వైరు వంటివి కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి కాబట్టి చిన్న మరమ్మతులకు ఇబ్బంది లేదు. వాల్వుల సంగతి వేరు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియో వాల్వులు తయారు చేసిన రోజులు పోయాయి. ఇప్పుడవి ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనా దేశాల నుంచే రావాలి. అందుకని కిట్‌తో పాటే ఒక అదనపు 6వీ6, ఒక 12ఏఎక్స్7 ఆర్డరు చేసుకోండి, రవాణా ఖర్చు ఒక్కసారితో పోతుంది.