కరకట్ట మీదుగా దివిసీమ: సొంత కారులో ఒక చుట్టు

బెజవాడలో ఎవరినైనా దివిసీమ చూశారా అని అడిగితే, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లొచ్చామంటారు. పుట్టలో పాలు పోసి, పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించి, సాయంత్రానికి బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో తేలతారు. అసలు దీవి మోపిదేవి దాటి కాస్త ముందుకు పోయాక, నది అవతల మొదలవుతుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ హంసలదీవి వైపు, ఇంకో పాయ నాగాయలంక వైపు పోయి సముద్రంలో కలుస్తాయి. ఆ రెంటికీ సముద్రానికీ మధ్య చిక్కిన నేల మీదే అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ఉన్నాయి. వంతెనలు పడ్డాక ఇదొక దీవి అన్న సంగతి కారులో పోయేవాళ్ల దృష్టికి రావడం మానేసింది.

గైడు లేడు, ప్యాకేజీ లేదు. నేను, మా ఆవిడ, మా అత్తగారు. అత్తగారి పుట్టిల్లు కోడూరు పక్క పల్లె కాబట్టి ఫోన్‌లో మ్యాపు చెప్పని దారులు ఆవిడ చెప్పారు. మ్యాపు చెప్పినవి కూడా రెండుమూడు సార్లు కొట్టిపారేశారు. ప్రతిసారీ ఆవిడ మాటే నిజమైంది.

వెళ్లేటప్పుడు కరకట్ట ఎక్కాం. ఉయ్యూరు, పామర్రు మీదుగా హైవేలో పోతే రోడ్డు బాగుంటుంది, కానీ చూసేదేమీ ఉండదు. యనమలకుదురు దాటితే కరకట్ట మీద ఒక పక్క నది, లంకలు, ఇంకో పక్క అరటి, పసుపు, కంద, చెరకు. అయితే ఇది వరద ఆపడానికి వేసిన కట్ట, షికారుకి వేసిన రోడ్డు కాదు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు పక్కకి దిగాల్సిందే. చీకటి పడ్డాక ఈ దారి వద్దు. తెల్లారి ఆరింటికి బయల్దేరితే మాత్రం దీనికి మించిన డ్రైవ్ మన చుట్టుపక్కల లేదు.

తోట్లవల్లూరు దాటి ఇంకా పోతే శ్రీకాకుళం వస్తుంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల మండలంలోని పల్లె. శాతవాహనుల తొలి రాజధాని ఇదేనని ఊళ్లో గట్టిగా చెబుతారు, చరిత్రకారులు మాత్రం అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నా లేకపోయినా ఇక్కడి ఆంధ్రమహావిష్ణువు గుడికి తెలుగు సాహిత్యంలో ఉన్న చోటు వేరే గుడికి లేదు. కళింగ దండయాత్రకి వెళ్తూ కృష్ణదేవరాయలు విజయవాడలో కొన్నాళ్లు ఉండి, స్వామిని సేవించడానికి ఇక్కడికొచ్చి, ఏకాదశి ఉపవాసం చేశాడు. ఆ రాత్రి నాలుగో జాములో స్వామి కలలోకొచ్చి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో తనే చెప్పుకున్నాడు. ఆయన కూడా బెజవాడ నుంచే వచ్చాడన్నమాట, కాకపోతే వెనక సైన్యం ఉంది. ఇదంతా తెలియకుండా వెళ్తే మామూలు పల్లెటూరి గుడిలాగే కనిపిస్తుంది. మేం వెళ్లినప్పుడు మేం ముగ్గురం, పూజారిగారు తప్ప ఎవరూ లేరు. ఆయన తీరిగ్గా కూర్చోబెట్టి కాసుల పురుషోత్తమ కవి సంగతి చెప్పారు. పక్కనే పెదప్రోలు ఆయన ఊరు. గుడి పాడుపడి పూజలు లేని కాలంలో స్వామినే ఎత్తిపొడుస్తూ ఆంధ్రనాయక శతకం చెప్పిన మనిషి. పూజారిగారు రెండు పద్యాలు రాగం తీసి చదివితే, అత్తగారు మూడోది అందుకున్నారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడకి పద్యాలు వచ్చని నాకు తెలియదు.

ఘంటసాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ దారిలో అందరూ వదిలేసే ఊరు ఇదే. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ మైసోలియా, అంటే మన కృష్ణా తీరంలో కొంటకొస్సిల అనే రేవు ఉందని రాశాడు. శాసనాల్లో కంటకసోల అని కనిపించే ఊరు అదేనని, అదే నేటి ఘంటసాల అని పండితులు గుర్తించారు. ఇక్కడి ఒక శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. ఇప్పుడు సముద్రం ఇక్కడికి ఎంతో దూరం. కృష్ణ ఏటేటా ఒండ్రు తెచ్చి పోసి తీరాన్ని తోసేసింది. మనం తర్వాత చూడబోయే దీవి కూడా అలా పేరుకున్న మట్టే. ఇక్కడి బౌద్ధ స్తూపం దగ్గర ఇప్పుడు మిగిలింది ఇటుకల దిబ్బ, చుట్టూ కంచె. పెద్ద పెద్ద ఇటుకలు, ఒక్కోటి రెండు చేతులతో ఎత్తితే గానీ లేవదనిపించేంత. మ్యూజియంలో పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన బొమ్మలున్నాయి. ఒక పలక మీద మనిషి ముఖం పూర్తిగా అరిగిపోయింది గానీ నడుం దగ్గర మడతపెట్టిన పంచె అంచు మాత్రం నిన్న చెక్కినట్టుంది. మా ఆవిడ అక్కడే నిలబడిపోయింది. పురావస్తు శాఖ మ్యూజియాలకి మామూలుగా శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. అదే ఊళ్లో జలధీశ్వరాలయంలో శివుడు, పార్వతి ఒకే పీఠం మీద ఉంటారు. పది నిమిషాల్లో చూడొచ్చు.

కూచిపూడిని కావాలనే వదిలేశాం. తానీషా అగ్రహారంగా ఇచ్చిన ఊరు, సిద్ధేంద్రయోగి ఊరు, వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం కట్టిన ఊరు. అంత చరిత్ర ఉన్నా, ప్రదర్శన లేని రోజున వెళ్తే వీధులు చూసి వెనక్కి రావాలి. నాట్యోత్సవం ఉన్న రోజు చూసుకుని పామర్రు దారిలో వెళ్లడం మేలు. అటు వెళ్తే జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు కూడా దగ్గరే. ఆయన 1921లో గాంధీకి జెండా నమూనా ఇచ్చింది మన బెజవాడలోనే.

చల్లపల్లిలో టీ తాగాం. ఊళ్లోకి వెళ్లే రోడ్డుకి రెండు పక్కలా పూలమొక్కలు, చెత్త లేని కాలవగట్లు చూసి మా ఆవిడ ఇది మన రాష్ట్రమేనా అంది. 2014 నుంచి ‘స్వచ్ఛ చల్లపల్లి’ పేరుతో ఊరివాళ్లే రోజూ తెల్లవారుజామున చీపుళ్లు పట్టుకుని చేస్తున్న పని అది. జమీందార్ల కోటని బయటి నుంచే చూశాం. మోపిదేవిలో మంగళవారాలు, ఆదివారాలు క్యూ భయంకరంగా ఉంటుంది. మామూలు రోజైతే అరగంటలో దర్శనం. లింగానికి పానవట్టంగా పాము చుట్టలే ఉంటాయి, అది చూడాల్సిందే.

అక్కడి నుంచి పులిగడ్డ అక్విడక్టు. బ్రిటిష్ హయాంలో కట్టింది. పంటకాలువ నీటిని నది మీదుగా దాటించి దివిసీమ పొలాలకి ఇచ్చేది ఇదే. మూడు పక్కలా నీళ్లున్నా దీవిలో వరికి పనికొచ్చేది ఈ కాలువ నీరే, చివరి భూముల్లో భూగర్భజలం ఉప్పు. అందుకే దివిసీమ రైతు మాటల్లో సగం కాలవ గురించే. “కాలవ కట్టేస్తే మా దీవి ఎండుచేపే బాబూ” అని అత్తగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

రాత్రి బస అవనిగడ్డలో. ఊరు మొత్తం డీఎస్సీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్‌లు. రాష్ట్రం నలుమూలల నుంచి టీచర్ ఉద్యోగం కోసం చదివేవాళ్లు ఇక్కడికొస్తారు. దాని పుణ్యమా అని తిండి చవక, కడుపు నిండుతుంది. మెస్‌లో పప్పు, గోంగూర, చారు, గడ్డపెరుగు. పక్క టేబుల్లో ఇద్దరమ్మాయిలు అన్నం తింటూ సైకాలజీ బిట్లు ఒకరినొకరు అడుక్కుంటున్నారు. లాడ్జీ సంగతి మాత్రం చెప్పక తప్పదు. మేం దిగిన చోట ఏసీ గది అన్నారు, ఏసీ ఉంది, రిమోట్ లేదు. వేడినీళ్లు అడిగితే బకెట్‌తో పంపారు. దోమలకి మాత్రం లోటు లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు డబ్బు కట్టకముందే గది, బాత్రూం చూసుకోండి. ఇదంతా భరించలేం అనుకుంటే విజయవాడలోనే ఉండి ఒక రోజులో తిరిగి రావచ్చు గానీ, అప్పుడు హంసలదీవో నాగాయలంకో ఏదో ఒకటి వదులుకోవాలి. నా ఓటు అవనిగడ్డకే. దుప్పటి, దోమలబత్తి ఇంటి నుంచి తెచ్చుకుంటే చాలు.

అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారకం ఉంది. కెరటం వచ్చి ఆగిన హద్దు దగ్గర కట్టారంటారు. 1977 నవంబరు 19, శనివారం. ఐదు మీటర్ల ఎత్తున సముద్రం లోపలికొచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు పది వేల దాకా ఉన్నారు. నాగాయలంక మండలంలో సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. స్మారకం దగ్గర ఆ రోజు ఏం జరిగిందో చదువుకునేలా వివరంగా చెప్పే బోర్డేదీ మాకు కనిపించలేదు. కొత్తవాళ్లు వస్తే ఏదో స్తంభం అనుకుని పోతారు. మాకు అత్తగారు ఉన్నారు కాబట్టి సరిపోయింది. అప్పటికి ఆవిడకి పదేళ్లు. “గాలికి కాదు బాబూ భయపడింది, గాలి ఆగాక వచ్చిన నిశ్శబ్దానికి. మర్నాడు మా బావిలో నీళ్లు నోట పెడితే ఉప్పు. గొడ్లు కూడా తాగలా” అన్నారు. అంతకు మించి అడగలేదు. ఆ తర్వాతే ఇక్కడ తుఫాను షెల్టర్లు, తీరం వెంట సరుగుడు తోటలు వచ్చాయి. కోడూరు నుంచి కిందికి పోతుంటే ఊరూరా స్తంభాల మీద నిలబెట్టిన పాత కాంక్రీటు షెల్టర్లు కనబడతాయి. ఒకదాని కింద ధాన్యం బస్తాలు, పైన మెట్ల మీద వలలు ఆరేశారు.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి చిన్నది, బాగుంది. పాపులు మునిగిన గంగ కాకి రూపంలో తిరిగి, ఇక్కడ మునిగి హంసగా మారిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి జాతర, సముద్ర స్నానాలు. ఆ రోజుల్లో కారులో వెళ్లే ఆలోచన మానుకోండి. గుడి దాటి పాలకాయతిప్ప బీచికి వెళ్లాలంటే అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంటుంది, సాయంత్రం త్వరగా పంపించేస్తారు. బీచి గురించి ఇంటర్నెట్‌లో చూపించేంత లేదు. నీళ్లు బురద రంగు, ఒండ్రు కలిసిన సముద్రం మరి. నది కలిసే చోట లాగుడు ఎక్కువ, దిగితే మోకాళ్ల దాకానే. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది పేరుకి ఉంది, తలుపుకి గొళ్లెం లేదు. తాగడానికి నీళ్లు, తినడానికి ఏదన్నా వెంట తెచ్చుకోండి. చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది, ఇసక మీద కారు పోనివ్వకండి.

ఈ యాత్రలో నాకు బాగా నచ్చింది నాగాయలంక. శ్రీరామపాద క్షేత్రం ఘాట్ దగ్గర కృష్ణ నదిలా కాదు, చెరువులా నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం చిన్న హోటల్లో పండుగప్ప పులుసు తిన్నాం. చుట్టుపక్కల చెరువుల్లో పెంచే చేప కాబట్టి దొరకదన్న బెంగ లేదు. పీతలు కూడా ఉన్నాయి గానీ ధర అడిగి ఆర్డర్ చెయ్యండి. ఈ మండలంలోనే గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన చేశారు. హోటల్ ఓనరుకి భూముల ధరలు తప్ప వేరే మాట లేదు.

ఏటిమొగ దగ్గర కారు వదిలేసి పంటు ఎక్కి ఎదురుమొండి వెళ్లాం. దీవిలో దీవి అది, వంతెన లేదు. మేం ఎక్కిన పంటు రెండు పడవల మీద పలకలు పరిచి కట్టింది. దాని మీద పది మోటార్‌సైకిళ్లు, గ్యాస్ సిలిండర్లు, ఐసు పెట్టెలు, పుస్తకాల సంచీలతో పిల్లలు, ఒక మేకపోతు. మనకిది షికారు, వాళ్లకి రోజువారీ బస్సు. “ఆఖరి పంటు కోసం కూర్చోకండి సార్, గాలి లేస్తే ఆపేస్తాం” అన్నాడు పంటు నడిపే అబ్బాయి. కాన్పు నొప్పులొస్తే ఎలా అని మా ఆవిడ పక్కనున్నావిణ్ణి అడిగింది. “నెల ముందే ఒడ్డుకి పోతామమ్మా” అందావిడ, అదొక పెద్ద విషయం కానట్టు. లోపల చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. రోడ్డు, ఇళ్లు, చెరువులు, దూరంగా మడ అడవులు. అయినా ఒక్క చోటే చూసే టైముంటే హంసలదీవి వదిలేసి ఇక్కడికే రండి. ఫొటోలు తీసేముందు మాత్రం అడగండి, వలలు బాగుచేసుకునేవాళ్లు బొమ్మలు కాదు.

తిరుగుదారి పులిగడ్డ, పెనుమూడి వంతెన మీదుగా. పెద్ద పాయ దాటితే రేపల్లె, బాపట్ల జిల్లా. భట్టిప్రోలు స్తూపం దారిలోనే. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వితే రాతి పెట్టెల్లో ధాతువుల (అస్థికల) భరిణెలు, వాటి మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలు దొరికాయి. దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. అంతకుముందే ఈ స్తూపం చలవరాళ్లు కొన్ని వెల్లటూరు దగ్గర కాలవ లాకు కట్టడానికి పోయాయి. ఘంటసాల కంటే ఇక్కడ ఆవరణ శుభ్రంగా ఉంది, నీడకి చెట్లున్నాయి, కూర్చోవచ్చు. అక్కడి నుంచి తెనాలి మీదుగా రోడ్డు ఫర్వాలేదు గానీ, సాయంత్రం తెనాలి ఊళ్లో ఇరుక్కుంటే గంట పోతుంది. నాలుగింటికల్లా భట్టిప్రోలు వదిలేయండి.