‘ట్రైబల్ హంటర్’ అట!

హన్మకొండలో చేతిపని వస్తువులమ్మే ఒక దుకాణంలో పోయిన వారం ఈ బొమ్మ కొన్నాను. డోక్రా ఇత్తడి, జానెడు ఎత్తు, 2,800 రూపాయలు. తలపాగా, మోకాళ్ల పైకి ధోవతి, చేతిలో తుపాకీ. మెడలో చీటీ: ‘ట్రైబల్ హంటర్’.

“ఎవరు బాబూ ఈయన?” అని కౌంటర్‌లో అబ్బాయిని అడిగాను. “వేటగాడు అంకుల్, అడవిల ఉంటరు గదా” అన్నాడు. కాదు, ఆయన కుమురం భీం.

నేను ఆసిఫాబాద్ డిపోలో ఆరేళ్లు కండక్టర్‌గా చేశాను. ఉట్నూర్ బస్సు, కెరమెరి ఘాట్ మీదుగా. ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి అంటే హట్టి దాకా కాలు పెట్టే జాగా ఉండేది కాదు. అక్కడ దిగి జోడేఘాట్ పోయేవాళ్లు. దీపావళికి నెమలీకల టోపీలతో ఆడే గోండు నాట్యగాళ్లు, గుస్సాడీలు ఎక్కేవాళ్లు. ఆ నెమలీకల టోపీని ఓసారి సీటు కింద పెట్టమన్నాను. టోపీ పట్టుకున్న పెద్దాయన నా వైపు చూశాడు, అంతే. ఉట్నూర్ దాకా నా సీట్లో టోపీ కూర్చుంది, నేను నిలబడ్డాను.

అందుకని ఆ అబ్బాయికి మొత్తం చెప్పాను. కుమురం భీం 1901లో సంకెపల్లిలో పుట్టిన గోండు. తండ్రిని అటవీ సిబ్బంది పొట్టన పెట్టుకున్నారు. సుర్దాపూర్‌లో అడవి కొట్టి సాగు చేసుకుంటే ఆ పంట నాదని సిద్ధిక్ అనే భూస్వామి వచ్చాడు. గొడవలో అతను చచ్చాడు, భీం అస్సాం తేయాకు తోటలకు పారిపోయాడు. తిరిగొచ్చి 12 గూడేలను కూడగట్టి జల్, జంగల్, జమీన్ మావే అన్నాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు కాల్చేశారు. వీళ్లెందుకు తిరగబడ్డారో చూసి రమ్మని నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ని పంపింది ఆ తర్వాతే. అప్పుడు గానీ పట్టాలు రాలేదు. వేటకి కాదయ్యా ఆ తుపాకీ!

అంతా విని, “కార్డా అంకుల్, క్యాషా?” అన్నాడు.

పనితనం మాత్రం చూడాల్సిందే. జైనూర్ మండలం ఉషేగాంలో డోక్రా బొమ్మలు పోసే ఓజాలు చేస్తుంటే చూశాను. మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కారిపోయిన సందులో కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది, అందుకే ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు. నా భీంకి తలపాగాలో ప్రతి మడతా ఒక దారం, వేలితో తడిమితే లెక్క దొరుకుతుంది. ఎడమ చెవి కొంచెం పెద్దది. నాకదే నచ్చింది. అదిలాబాద్ డోక్రాకి 2018లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు వస్తువని చెప్పే గుర్తింపొచ్చింది, ఆ ముక్క గానీ చేసినవాళ్ల ఊరు గానీ చీటీ మీద లేవు.

ప్యాకింగ్ దండగ. ఒక్క పేపర్ చుట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే తుపాకీ గొట్టం వంగి ఉంది. తీసుకెళ్తే ఓనరు పట్టకారు తెచ్చాడు! లాక్కుని వచ్చేశాను.

బొమ్మకి 5 స్టార్లు, దుకాణానికి 2. చీటీ వెనక్కి తిప్పి బాల్‌పెన్నుతో ‘కుమురం భీం, జోడేఘాట్’ అని రాసి మెడలోనే వేశాను. దుకాణం అల్మరాలో ఇంకో రెండు భీంలున్నాయి. కొనేవాళ్లు గొట్టం చూసుకుని కొనండి.