చరాయిదేవ్: మట్టిగుట్టల కింద అహోం రాజులు

మా ఇళ్లలో పోయినవాళ్లను కాల్చరు. మాది జహీరాబాద్ దగ్గర లింగాయత కుటుంబం. నాయనను కూర్చున్న భంగిమలోనే, చేతిలో ఇష్టలింగం పెట్టి, చుట్టూ విభూతి ఉండలు, మారేడాకులు పోసి మా చెలకలోనే సమాధి చేశాం. "హిందువులై ఉండి పూడుస్తారా?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే కాబోలు, 2024 జూలైలో, ఒకప్పుడు అస్సాంను ఏలిన అహోం రాజుల సమాధులను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని చదవగానే చూసి రావాలనిపించింది. ఆ డిసెంబరులోనే నేనూ మా ఆవిడా బయల్దేరాం.

గువాహటి దాకా విమానం. రైలు రిజర్వేషన్ దొరక్క శివసాగర్‌కు రాత్రి బస్సెక్కాం, నడుములు విరిగాయి. తిరిగొచ్చేటప్పుడు సిమలుగురి జంక్షన్‌లో రైలెక్కి హాయిగా పడుకున్నాం. మీరు రెండువైపులా రైలే చూసుకోండి.

శివసాగర్‌లో మొదట దిగిన లాడ్జి పెద్ద చెరువు పక్కనే. గీజర్ ఉందన్నారు. ఉంది, పనిచేయదు. బకెట్ వేడినీళ్లకు 30 రూపాయలు విడిగా. మర్నాడే ఓ ఇంటివాళ్లు నడిపే హోమ్‌స్టేకి మారాం. రోజుకు 300 ఎక్కువైనా దిగులు తీరింది. మేం శాకాహారులమంటే ఆ ఇల్లాలు కాస్త కంగారుపడి, ఉడికించిన ఆలుగడ్డను పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మెదిపి అన్నంతో పెట్టింది. ఆలూ పితికా అంటారట. ఆ నూనె ఘాటు ముక్కుకెక్కింది గానీ రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.

ఆ సమాధులున్న చరాయిదేవ్ అక్కడికి 30 కిలోమీటర్ల లోపే. సోనారి వైపు షేర్ బండ్లున్నా మేం కారు మాట్లాడుకున్నాం, రానుపోను 1,600. పొద్దున్నే వెళ్లండి. శీతాకాలం అక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది.

దూరం నుంచి చూస్తే పచ్చగడ్డి కప్పుకున్న గుట్టలే. మొయిదాం అంటే అదే. అడుగున గది, దాని మీద మట్టిదిబ్బ, శిఖరాన చిన్న ఇటుక కట్టడం, చుట్టూ ఎనిమిది పలకల గోడ. పాత వాటిలో గదులు కర్రవి, తర్వాతి కాలంలో రాయీ ఇటుకా వాడారు. బర్మా సరిహద్దులోని పట్కాయ్ కొండలు దాటి 1228లో వచ్చిన మొదటి అహోం రాజు సుకాఫా 1253లో ఇక్కడ రాజధాని పెట్టుకున్నాడు. తర్వాత రాజధానులు మారినా రాజులను పూడ్చడానికి ఇక్కడికే తెచ్చేవాళ్లు. బట్టలు, నగలు, ఆయుధాలు, తిండి, ఒక కాలంలో సేవకులు కూడా రాజు వెంట లోపలికే. ఆ చివరి మాట విని మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

తవ్వి తెరిచిన మొయిదాం ఒకటుంది. గుమ్మం దగ్గర వంగి చూస్తే లోపల చల్లగా, గబ్బిలాల వాసన. చాలావాటిని దొంగలు ఎప్పుడో ఖాళీ చేశారు. 1662లో దండెత్తి వచ్చిన మొఘల్ సేనాని మీర్ జుమ్లా సైన్యమూ సమాధులు తవ్వి సొత్తు పట్టుకుపోయింది.

యునెస్కో గుర్తించిన చోట 90 మొయిదాంలున్నాయి. ఏది ఎవరిదో చాలావాటికి తేలదు. చెప్పేవాళ్లు లేకపోతే గంటలో చూసేసి ఇంతేనా అనుకుంటారు. మాకు డ్రైవరే దిక్కయ్యాడు, అతనూ అహోమే. రాజులు హిందూ పద్ధతులకు మళ్లాక కొందరిని దహనం చేసి, ఆ ఎముకలూ బూడిదా తెచ్చి మొయిదాంలో పెట్టారట. కాల్చినా గుట్ట మాత్రం మానలేదన్నమాట! నాకు ఆ సంగతి బాగా నచ్చింది.

"మీ ఇంట్లో?" అని అడిగాను.

"మేం కాలుస్తాం. దేవధాయి, బైలుంగ్ పూజారుల ఇళ్లలో ఇప్పటికీ పూడుస్తారు. జనవరి 31న మే-డామ్-మే-ఫీ, ఆ రోజు పెద్దలకు పెట్టుకుంటాం. మీరెప్పుడు పెడతారు?"

అమావాస్యకు సమాధి దగ్గర టెంకాయ కొడతామని చెప్పాను. మా చెలక కోసం ఇద్దరు రియల్ ఎస్టేట్‌వాళ్లు ఆర్నెల్లుగా తిరుగుతున్న సంగతి చెప్పలేదు. మా ఆవిడే కారెక్కాక అంది: "తమ్ముడికి ఫోన్ చెయ్యి. సమాధి ఉన్న ఆ నాలుగు గుంటలైనా అమ్మొద్దని చెప్పు."