హామిల్టన్: రాజ్యాంగ పాఠంగా ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ జీవితం మీద వచ్చిన బ్రాడ్‌వే సంగీత నాటకం ‘హామిల్టన్’ను 2016 జూన్‌లో న్యూయార్క్‌లోని రిచర్డ్ రోజర్స్ థియేటర్‌లో చిత్రీకరించి, 2020 జూలై 3న డిస్నీ ప్లస్‌లో విడుదల చేశారు. పులిట్జర్ బహుమతితో పాటు 11 టోనీ అవార్డులు అందుకున్న రచనకు నా కితాబు కొత్తగా అక్కరలేదు. అమెరికా రాజ్యాంగాన్ని చదువుకునే విద్యార్థికి, దాన్ని మన రాజ్యాంగంతో పోల్చి చూడాలన్న ఆసక్తి ఉన్న ప్రేక్షకుడికి ఈ రెండు గంటల నలభై నిమిషాల రికార్డింగు ఏ మేరకు ఉపయోగపడుతుందో మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. అధికారం చుట్టూ జరిగే బేరసారాలను ఇది అద్భుతంగా చూపిస్తుంది; ఆ బేరసారాలకు హద్దులు గీసే చట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాట ఊపులో దాటుకుని వెళ్లిపోతుంది.

బలం ఎక్కడుందో చెప్పాలంటే మంత్రివర్గ వాగ్వాదాలనే ముందుగా చెప్పాలి. రాష్ట్రాల యుద్ధ రుణాలను కేంద్రం నెత్తికెత్తుకోవాలా అన్న ప్రశ్న మీద విదేశాంగ మంత్రి జెఫర్సన్, హామిల్టన్ చేతి మైకులు పట్టుకుని ర్యాప్‌లో తలపడతారు. తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ మధ్యవర్తిగా నిలబడతాడు. రాయబారం సీనులో పద్యానికి పద్యం బదులు పడుతుంటే విని పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి ఈ పద్ధతి పరాయిదిగా అనిపించదు. వాగ్వాదం ముగిశాక వాషింగ్టన్ హామిల్టన్‌ను పక్కకు పిలిచి, కాంగ్రెస్‌లో (అంటే అమెరికా పార్లమెంటులో) ఓట్లు కూడగట్టుకోవాలని చెప్పే ఘట్టం క్లుప్తమే అయినా, కార్యనిర్వాహక శాఖకూ శాసన శాఖకూ ఉన్న సంబంధాన్ని ఒక పాఠ్యపుస్తకపు అధ్యాయం కన్నా స్పష్టంగా తెలియజేస్తుంది.

అయితే జాతీయ బ్యాంకు విషయంలో అసలు రాజ్యాంగ వివాదం పాటలోకి రానేలేదు. బ్యాంకు పెట్టే అధికారం కాంగ్రెస్‌కు రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు గనుక అది చెల్లదని 1791లో జెఫర్సన్ వాదించాడు. ఇచ్చిన అధికారాలను అమలు చేయడానికి అవసరమైన అధికారాలు కూడా వాటిలోనే ఇమిడి ఉంటాయని హామిల్టన్ బదులిచ్చాడు. ఈ రెండో వాదననే 1819లో మెకల్లక్ కేసులో సుప్రీంకోర్టు ఆమోదించింది. మన ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 45వ అంశంగా బ్యాంకింగ్‌ను నేరుగా రాసిపెట్టారు కాబట్టి ఆ తగువు మనకు లేకుండా పోయింది. కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించమని ప్రజలను ఒప్పించడానికి రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాలకూ ఇదే గతి పట్టింది. మొత్తం 85లో హామిల్టన్ 51 రాశాడని పాట ఉత్సాహంగా లెక్క చెబుతుంది గానీ వాటిలో ఏముందో చెప్పదు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కొట్టివేయడం న్యాయస్థానాల బాధ్యత అని వాదించిన 78వ వ్యాసం గురించి రెండు చరణాలు పడి ఉంటే ఎంత బాగుండేది!

1790 నాటి ఒప్పందాన్ని చూపించే పాట మాత్రం ఈ నాటకానికి ప్రాణం. రుణాల పథకానికి దక్షిణాది మద్దతు, దానికి బదులుగా పొటోమాక్ నది తీరాన రాజధాని. ఇదంతా విందు బల్ల దగ్గర, మూసిన తలుపుల వెనక కుదిరిపోతుంది. లోపలికి పిలుపు లేని హామిల్టన్ రాజకీయ ప్రత్యర్థి ఆరన్ బర్ర్ ఆ ఉక్రోషాన్ని పాడతాడు. అప్పులు ఎవరి వాటాకు ఎంత, రాజధాని ఎక్కడ అన్న ప్రశ్నలు 2014లో మనకూ ఎదురయ్యాయి. ఆ ఫిబ్రవరి 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో విభజన బిల్లు ఆమోదం పొందడాన్ని మరచిపోని వారికి ఈ పాట మరింత దగ్గరగా తగులుతుంది.

నా ప్రధాన అభ్యంతరం 1800 అధ్యక్ష ఎన్నికల ఘట్టం మీద. జెఫర్సన్, బర్ర్‌లకు చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు రావడంతో నిర్ణయం కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభకు వెళ్లింది. అక్కడ రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున 36 సార్లు ఓటింగు జరిగితే తప్ప ఫలితం తేలలేదు. నాటకంలో ఓట్లు సమానమయ్యాయన్న మాట వినిపిస్తుంది, కానీ హామిల్టన్ జెఫర్సన్ వైపు మాట చెప్పగానే అంతా తేలిపోతుంది, పైగా దాన్ని ఘనవిజయం అంటారు. రెండో స్థానంలో ఉన్నవాడు ఉపాధ్యక్షుడు కావడమనే నియమాన్ని, తాను అధ్యక్షుడు గనుక మార్చేయగలనని జెఫర్సన్ చమత్కరిస్తే హాలంతా నవ్వుతుంది. అమెరికా రాజ్యాంగ సవరణకు ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన నాలుగింట మూడు వంతుల రాష్ట్రాల ఆమోదం కావాలి. అధ్యక్షుడి సంతకంతో పనే లేదు. ఆ నియమాన్ని మార్చిన పన్నెండో సవరణ 1804లో వచ్చింది. హాస్యం కోసమే అనుకున్నా, చదువుకునే పిల్లవాడి బుర్రలో ఇలాంటి మాటే నిలిచిపోతుంది.

బానిసత్వం విషయంలో మొహమాటం కూడా కనిపిస్తుంది. దాని మీద రాసిన మూడో మంత్రివర్గ వాగ్వాదాన్ని ప్రదర్శనలోంచి తొలగించారు. బానిసల దిగుమతిని 1808 వరకు కాంగ్రెస్ నిషేధించకూడదన్న నిబంధన రాజ్యాంగంలోనే ఉందన్న సంగతి ఈ నాటకం చూసినవారికి తెలియకుండానే ఉండిపోతుంది.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ లేకుండా ఈ ర్యాప్ వేగాన్ని అందుకోవడం మనవారిలో చాలామందికి కష్టమే గనుక వాటిని తప్పక పెట్టుకోండి. నాటకంగా ఐదుకు ఐదు ఇస్తాను; రాజ్యాంగ పాఠంగా మూడు దాటను. లా విద్యార్థులకు చూపించదలచిన అధ్యాపకులు ఎన్నికల పాట దగ్గర ఒకసారి ఆపి, పన్నెండో సవరణను చదివి వినిపించి, ఆ తర్వాత ముందుకు నడపడం మంచిది.